ట్యూబ్ యాంపా, డిజిటల్ మోడలరా: గిటారు ధ్వనిలో తేడా ఎక్కడ పుడుతుంది?

సంక్షిప్తంగా: రికార్డింగులో వినిపించే మేరకు మంచి డిజిటల్ మోడలర్లు, అంటే యాంపు ధ్వనిని గణితంతో అనుకరించే పరికరాలు, గాజు గొట్టాలతో నడిచే ట్యూబ్ యాంప్లిఫయర్లను దాదాపు అందుకున్నాయి. వాయించేవారికి ఇప్పటికీ తెలిసే తేడాలో పెద్ద వాటా స్పీకరుది, దానిని ఎంత బిగ్గరగా మోగిస్తున్నారన్నదానిది. ట్యూబుల వాటా అనుకున్నదానికంటే తక్కువ. అందువల్ల ఏది కొనాలన్న ప్రశ్నకు జవాబు వాయించే చోటు, మోత, మరమ్మతు, విడిభాగాల లభ్యత మీద ఎక్కువగా ఆధారపడి ఉంటుంది.

గిటారు వాయించేవారి మధ్య పాతికేళ్లుగా నడుస్తున్న ఈ వాదన ఇటీవల మరింత ముదిరింది. ఒకవైపు అరచేతిలో పట్టే పెట్టెలు, ఫోనుతో నడిచే చిన్న స్పీకర్లు, ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. మరోవైపు ట్యూబుల ధరలు పెరిగాయి, సరఫరా ఒడుదొడుకులకు లోనైంది. కొత్తగా కొనబోయేవారికి ఎదురయ్యే సలహాలు ఒకదానికొకటి పొసగవు. ఆ గందరగోళానికి మూలం, ధ్వని ఏ దశలో ఎలా మారుతుందన్నది వేరుచేసి చూడకపోవడమే.

ట్యూబు లోపల జరిగేది

ఎలక్ట్రిక్ గిటారు తీగను మీటినప్పుడు పికప్‌లో పుట్టే విద్యుత్ సంకేతం చాలా బలహీనమైనది. స్పీకరును కదిలించాలంటే దానిని ఎన్నో రెట్లు పెంచాలి. ట్యూబ్ యాంప్‌లో ఆ పనిని గాలి తీసేసిన గాజు గొట్టాలు చేస్తాయి. ఫిలమెంటు వేడికి కాథోడు నుంచి వెలువడే ఎలక్ట్రాన్లు, కొన్ని వందల వోల్టుల మీద ఉన్న ప్లేటు వైపు ప్రవహిస్తాయి. వాటి దారిలో గ్రిడ్ అనే సన్నని తీగల అల్లిక ఉంటుంది. గిటారు సంకేతాన్ని ఆ గ్రిడ్‌కు అందిస్తే, అక్కడి చిన్న వోల్టేజీ మార్పులే ఆ పెద్ద ప్రవాహాన్ని పెంచుతూ తగ్గిస్తూ ఉంటాయి. ముందు దశలో సాధారణంగా 12ఏఎక్స్7 అనే చిన్న ట్యూబులు ఉంటాయి. ఐరోపాలో దీనినే ఈసీసీ83 అంటారు. చివరి దశలో 6వీ6, 6ఎల్6, ఈఎల్84, ఈఎల్34 వంటి పెద్ద ట్యూబులు ఉంటాయి, వీటిని పవర్ ట్యూబులు అంటారు. వాటి తర్వాత, స్పీకరుకు తగినట్టు విద్యుత్తును మార్చి ఇచ్చే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది.

ప్రతి ట్యూబుకూ ఒక హద్దు ఉంది. సంకేతం ఆ హద్దును సమీపించే కొద్దీ దాని శిఖరాలు ఒక్కసారిగా తెగిపోకుండా క్రమంగా గుండ్రబడతాయి, అసలు స్వరంలో లేని హార్మోనిక్స్, అంటే దాని గుణిజాలైన పై స్వరాలు, వచ్చి చేరతాయి. దీనినే డిస్టార్షన్ అంటారు. 1950ల నాటి ఇంజినీర్ల దృష్టిలో ఇది లోపం. వారు కోరుకున్నది శుభ్రమైన ధ్వని. సంగీతకారులు మాత్రం వాల్యూమ్ నాబ్‌ను చివరిదాకా తిప్పి, ఆ లోపాన్నే ఒక వాద్యగుణంగా మార్చుకున్నారు. లండన్‌లో డ్రమ్ముల దుకాణం నడిపిన జిమ్ మార్షల్ బృందం 1960ల తొలినాళ్లలో రూపొందించిన జేటీఎం45 ఇందుకు మంచి ఉదాహరణ. అమెరికాలో లియో ఫెండర్ కంపెనీ బేస్ గిటారు కోసం తయారు చేసిన బాస్‌మన్ సర్క్యూటునే వారు దాదాపు యథాతథంగా తీసుకున్నారు. అయితే మొదటి ట్యూబు స్థానంలో ఎక్కువ పెంపు ఇచ్చే ఈసీసీ83ను పెట్టారు, నాలుగు పది అంగుళాల స్పీకర్లున్న తెరిచిన పెట్టెకు బదులు నాలుగు పన్నెండు అంగుళాల సెలెస్టియన్ స్పీకర్లున్న మూసిన పెట్టెను జోడించారు. రెండు యాంపుల కాగితపు చిత్రాలు పక్కపక్కన పెడితే కవలల్లా కనిపిస్తాయి, ధ్వని మాత్రం వేరు. స్పీకరు, పెట్టె ఎంతగా లెక్కలోకి వస్తాయో ఆ జంటే చూపుతోంది.

ఇక్కడ ఒక ప్రచారాన్ని సరిచూడాలి. ట్యూబులు సరిసంఖ్య హార్మోనిక్స్‌ను ఇస్తాయని, అవి చెవికి ఇంపుగా ఉంటాయని, ట్రాన్సిస్టర్లు బేసిసంఖ్య హార్మోనిక్స్‌ను ఇస్తాయని తరచూ చెబుతారు. ఒకే పవర్ ట్యూబుతో నడిచే ఫెండర్ చాంప్ వంటి చిన్న యాంపుల విషయంలో ఇందులో కొంత నిజం ఉంది. ప్రసిద్ధమైన పెద్ద యాంపులన్నీ మాత్రం పుష్-పుల్ పద్ధతిలో, అంటే రెండు వైపులా ట్యూబులు పని పంచుకునే పద్ధతిలో నడుస్తాయి. ఆ అమరికలో పవర్ ట్యూబుల దగ్గర పుట్టే సరిసంఖ్య హార్మోనిక్స్ చాలావరకు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. కాబట్టి మార్షల్ ధ్వనిలోని మహిమను ఆ ఒక్క సూత్రంతో వివరించలేం.

వివరణ మరో రెండు చోట్ల దొరుకుతుంది. మొదటిది కాలంతో ముడిపడిన స్పందన. బలంగా మీటినప్పుడు పవర్ ట్యూబులు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతాయి. ఏసీ విద్యుత్తును డీసీగా మార్చే రెక్టిఫయర్ కూడా ట్యూబే అయిన యాంపుల్లో సరఫరా వోల్టేజీ ఆ క్షణాన కొంత కుంగి, మెల్లగా తేరుకుంటుంది. దీనిని శాగ్ అంటారు. స్వరం మొదలు కాస్త అణిగి, తర్వాత ఉబ్బినట్టు వినిపిస్తుంది, వేలి కింద తీగ సాగినట్టు అనిపిస్తుంది. రెండోది స్పీకరుతో సంబంధం. స్పీకరు మీద 8 ఓములు అని రాసి ఉన్నా, దాని నిరోధం అన్ని స్వరాలకూ ఒకేలా ఉండదు. ఒక నిర్దిష్టమైన మంద్రస్వరం దగ్గరా, హెచ్చు స్థాయిల్లోనూ అది బాగా పెరుగుతుంది. ట్యూబ్ యాంపు ఈ మార్పులకు లొంగుతుంది కాబట్టి ఆయా చోట్ల ధ్వని ఎత్తుగా వస్తుంది. సాధారణ ట్రాన్సిస్టర్ యాంపు దానిని పట్టించుకోకుండా వోల్టేజీని సమంగా ఉంచుతుంది. అదే స్పీకరు ట్రాన్సిస్టర్ యాంపు మీద బోలుగా, ట్యూబ్ యాంపు మీద నిండుగా వినిపించడానికి ఇది ముఖ్య కారణం.

ట్రాన్సిస్టరు నుంచి కోడ్ దాకా

1947లో బెల్ ప్రయోగశాలలో పుట్టిన ట్రాన్సిస్టరు, 1960ల నాటికి గిటారు యాంపుల్లోకి వచ్చింది. తేలిక, చౌక, వేడి లేదు. అయినా తొలి తరం నిలదొక్కుకోలేదు, ఎందుకంటే హద్దు దాటిన క్షణాన ధ్వని కరకుగా తెగిపోయేది, భాగాలు తరచూ కాలిపోయేవి. హద్దు దాటనవసరం లేని చోట మాత్రం ట్రాన్సిస్టరు గెలిచింది. 1975లో వచ్చిన రోలాండ్ జేసీ-120 శుభ్రమైన ధ్వనికి నేటికీ ప్రమాణంగా నిలుస్తోంది.

డిజిటల్ మోడలింగ్ వేరే దారి పట్టింది. సంకేతాన్ని సెకనుకు 48,000 సార్లు, కొన్ని యంత్రాల్లో అంతకంటే ఎక్కువసార్లు కొలిచి అంకెలుగా మార్చి, ట్యూబు ఏం చేస్తుందో గణితంతో లెక్కగట్టి, తిరిగి విద్యుత్ సంకేతంగా మార్చడం ఇందులోని పద్ధతి. అమెరికాకు చెందిన లైన్ 6 సంస్థ 1998లో తెచ్చిన పాడ్ అనే ఎర్రటి చిన్న పరికరం దీనిని సామాన్య వాదకుల బల్ల మీదికి చేర్చింది. అప్పటి ప్రాసెసర్ల శక్తి తక్కువ. శుభ్రంగానో పూర్తి డిస్టార్షన్‌తోనో వాయిస్తే బాగుండేది. రెండింటి మధ్య, వేలి బలాన్ని బట్టి ధ్వని విరిగే ఆ సున్నితమైన చోట తేలిపోయేది. డిజిటల్ అంటే నిర్జీవం అన్న అభిప్రాయం ఆ కాలంలోనే స్థిరపడింది. చాలామంది అనుభవజ్ఞుల అంచనా ఇప్పటికీ అక్కడే ఆగి ఉంది, అది నేటి పరికరాలకు వర్తించదు.

2006లో ఫ్రాక్టల్ ఆడియో సంస్థ ఆక్స్-ఎఫ్ఎక్స్‌తో సర్క్యూటులోని ఒక్కొక్క భాగాన్నీ లెక్కగట్టే దారిని బలపరిచింది. 2011లో జర్మనీకి చెందిన కెంపర్ మరో దారి తెరిచింది. అసలు యాంపులోకి పరీక్షా సంకేతాలు పంపి, బయటికి వచ్చినదానిని విని, ఆ యాంపు ప్రవర్తనకు ఒక నకలు తీసుకోవడం దాని పద్ధతి. ఫిన్లాండ్‌కు చెందిన న్యూరల్ డీఎస్పీ, ఉచిత సాఫ్ట్‌వేర్ అయిన న్యూరల్ ఆంప్ మోడలర్ ఈ రెండో దారినే యంత్రాభ్యాసంతో (మెషిన్ లెర్నింగ్) ముందుకు తీసుకెళ్లాయి.

ఈ రెండు దారులకూ వేర్వేరు పరిమితులున్నాయి. భాగాలను లెక్కగట్టే పద్ధతిలో నాబ్‌లు అసలు యాంపులాగే పనిచేస్తాయి, కానీ ఫలితం ఆ లెక్క రాసినవారి శ్రద్ధను బట్టి ఉంటుంది. నకలు తీసే పద్ధతి ఒకానొక అమరికను అద్భుతంగా పట్టుకుంటుంది, అయితే అది ఆ అమరిక ఒక్కదానికే చెందిన చిత్రం. అసలు యాంపులో ముందు దశ పెంపును నియంత్రించే గెయిన్ నాబ్‌ను సగానికి తగ్గిస్తే ఏమయ్యేదో ఒక్క నకలుకు తెలియదు. శాగ్ వంటి నెమ్మది స్పందనలను పట్టుకోవడం కూడా దీనికి కష్టమే.

డిజిటల్‌కు స్వతఃసిద్ధమైన చిక్కులు మరో రెండు ఉన్నాయి. డిస్టార్షన్‌లో పుట్టే హెచ్చు హార్మోనిక్స్, కొలత వేగంలో సగాన్ని దాటితే, అవి మాయమవకుండా కిందికి మడత పడి, స్వరానికి సంబంధం లేని శబ్దాలుగా తిరిగి వస్తాయి. ఇదే అలియాసింగ్. లోపల కొలత వేగాన్ని అనేక రెట్లు పెంచి లెక్కించడం ద్వారా మంచి పరికరాలు దీనిని అణచివేస్తాయి. చౌక పరికరాల్లో పైస్థాయి స్వరాలను సాగదీసినప్పుడు ఇది బయటపడుతుంది. రెండోది ఆలస్యం. మంచి మోడలర్లలో ఇది కొద్ది మిల్లీసెకన్లే. ధ్వని గాలిలో 3 మిల్లీసెకన్లకు సుమారు ఒక మీటరు పోతుంది కాబట్టి, స్పీకరుకు ఒకటి రెండు మీటర్లు ఎడంగా నిలబడినట్టే లెక్క. కంప్యూటరులో సరైన ఆడియో డ్రైవరు లేకుండా వాడే ప్లగిన్‌ల, అంటే యాంపును అనుకరించే సాఫ్ట్‌వేర్ల, సంగతి వేరు. అక్కడ ఆలస్యం వేళ్లకు స్పష్టంగా తెలిసిపోతుంది, దాని నింద అన్యాయంగా మొత్తం డిజిటల్ మీద పడుతుంది.

పోలికలో జరిగే పొరపాటు

వాదన అంతటిలో అతి ముఖ్యమైన విషయం ఇది. ట్యూబ్ యాంపును గదిలో పెట్టి వాయించేవారు పన్నెండు అంగుళాల స్పీకరు నేరుగా కదిలించే గాలిని వింటారు. మోడలరును హెడ్‌ఫోన్లలోనో, టేబుల్ మీది చిన్న స్పీకర్లలోనో వినేవారు మరొకటి వింటారు: ఒక స్పీకరు ముందు, కొద్ది సెంటీమీటర్ల దూరంలో పెట్టిన మైకు పట్టుకున్న ధ్వని. మోడలర్లలో స్పీకరు పాత్రను ఇంపల్స్ రెస్పాన్స్ అనే చిన్న దస్త్రం పోషిస్తుంది, అందులో స్పీకరుతో పాటు పెట్టె, మైకు, మైకు పెట్టిన కోణం అన్నీ కలిసే ఉంటాయి. ఇష్టమైన రికార్డుల్లో అందరూ విన్నది ఈ రెండో రకం ధ్వనినే. అయినా, గదిలోని యాంపుతో పోల్చగానే ఇది పలచగా, దూరంగా తోస్తుంది.

ఈ రెంటి తేడాను ట్యూబుకూ కోడ్‌కూ మధ్య తేడాగా పొరబడటం సర్వసాధారణం. న్యాయమైన పరీక్ష రెండు విధాలుగా సాధ్యం. ట్యూబ్ యాంపు ముందు మైకు పెట్టి, ఆ ధ్వనినీ మోడలరు ధ్వనినీ ఒకే మానిటర్ స్పీకర్లలో, ఒకే బిగ్గరతనంతో వినాలి. లేదా మోడలరులో స్పీకరు అనుకరణను ఆపి, ఒక పవర్ యాంపు ద్వారా నిజమైన గిటారు స్పీకరుకు కలపాలి. బిగ్గరతనం సమం చేయడం చిన్న విషయం కాదు, కొద్దిపాటి ఎక్కువ మోత కూడా మెరుగైన ధ్వనిగా చెవిని నమ్మిస్తుంది. ఈ జాగ్రత్తలతో విన్నప్పుడు మిగిలే తేడా, ఒకే నమూనా ట్యూబ్ యాంపులు రెండింటి మధ్య ఉండే తేడాను పెద్దగా మించదు.

ఫెండర్ తన ట్యూబ్ యాంపు ట్విన్ రివర్బ్‌కు డిజిటల్ రూపంగా 2019లో తెచ్చిన టోన్ మాస్టర్ ట్విన్ రివర్బ్ ఈ వాదానికి బలమైన సాక్ష్యం. బయట అదే పెట్టె, రెండు పన్నెండు అంగుళాల స్పీకర్లు, అవే నాబ్‌లు. లోపల ట్యూబులకు బదులు డిజిటల్ ప్రాసెసరు. స్పీకరు నిజమైనది కావడంతో గదిలోని యాంపు అనుభూతి చాలావరకు నిలిచింది. ట్యూబుల ట్విన్ సుమారు 29 కిలోలు ఉంటే, ఇది సుమారు 15 కిలోలే. ఇంకో వివరం గమనించదగినది: 85 వాట్ల ట్యూబ్ యాంపు పెట్టే మోతను అందుకోవడానికి దీనిలో 200 వాట్ల డిజిటల్ పవర్ యాంపును వాడారు. ట్యూబ్ వాట్లు బలమైనవన్న నానుడి వెనుక ఉన్నది ఇదే. ట్యూబు తన లెక్కను దాటి కూడా భరించదగిన డిస్టార్షన్‌తో కొనసాగుతుంది, డిజిటల్ యాంపును ఆ హద్దు చేరనివ్వకూడదు.

మోత, గోడలు, ఇరుగుపొరుగు

ట్యూబ్ యాంపు శ్రేష్ఠత చాలావరకు పవర్ ట్యూబులూ స్పీకరూ కష్టపడి పనిచేసినప్పుడు బయటపడుతుంది. ఆ స్థితిలో 15 వాట్ల యాంపు కూడా ఇంట్లో భరించలేనంత మోత పెడుతుంది. వాట్లు తగ్గిస్తే సరిపోతుందన్న ఆలోచన పూర్తిగా ఫలించదు: 100 వాట్ల నుంచి 50 వాట్లకు దిగితే తగ్గేది 3 డెసిబెల్స్ మాత్రమే, మోత సగమైనట్టు చెవికి తోచాలంటే శక్తి పదో వంతుకు పడిపోవాలి. యాంపుకూ స్పీకరుకూ మధ్య పెట్టే అటెన్యుయేటర్లు మోతను తగ్గించగలవు, అప్పుడు స్పీకరు కష్టం, గాలి కదలిక పోతాయి.

దీనికి తోడు చెవి స్వభావం ఒకటుంది. తక్కువ మోతలో మంద్రస్వరాలూ అత్యున్నత స్వరాలూ మనిషి చెవికి తక్కువగా వినిపిస్తాయి. ఇంట్లో హెడ్‌ఫోన్లలో బాగుందని బేస్, ట్రెబుల్ పెంచి భద్రపరచుకున్న అమరిక, వేదిక మీద గుమ్ముమంటూ, చెవులు చిల్లులు పడేలా వస్తుంది. మోడలరు వేదిక మీద పనికిరాదన్న ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే. వేదిక మీద వాడబోయే మోతలోనే అమరికలు చేసుకుంటే ఈ ఇబ్బంది చాలామటుకు తీరుతుంది.

హైదరాబాద్‌లోనో విశాఖపట్నంలోనో అపార్ట్‌మెంటులో ఉంటూ రాత్రి తొమ్మిది తర్వాతే తీరిక దొరికే వాదకుడికి ఈ లెక్క నిర్ణాయకం. చర్చి మందిరాల్లో, కళాశాల వేదికల మీద, పెళ్లి వేడుకల్లో గిటారును నేరుగా మిక్సరుకు కలపడమే ఇక్కడ సాధారణ పద్ధతి కాబట్టి, అక్కడ కూడా యాంపును మోసుకెళ్లడంలో ప్రయోజనం స్వల్పం. పెద్ద బృందాలూ ఇదే దారిన నడుస్తున్నాయి. అమెరికా హెవీ మెటల్ బృందం మెటాలికా 2013 డిసెంబరులో అంటార్కిటికాలో ఇచ్చిన కచేరీలో పర్యావరణానికి భంగం కలగకుండా ప్రేక్షకులు హెడ్‌ఫోన్లలో విన్నారు. ఆ తర్వాతి పర్యటనల్లో ఆ బృందం ఫ్రాక్టల్ యంత్రాలను వాడింది.

ఆటవస్తువులుగా కొట్టిపారేసే పరికరాల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. గిటారు జాక్‌లో గుచ్చే వాక్స్ ఆంప్లగ్, ఫోనుతో నడిచే పాజిటివ్ గ్రిడ్ స్పార్క్, బాస్ (Boss) సంస్థ కటానా యాంపు వంటివి రోజూ వాయించే అలవాటును సులభం చేస్తాయి, ఆ మేలు చిన్నది కాదు. వీటిలో డిజిటల్ పరికరాల నిజమైన లోపం ధ్వనిలో కంటే ఎంపికల విస్తారంలో ఉంది. వందల కొద్దీ యాంపులు, పెడళ్లు అందుబాటులో ఉంటే నేర్చుకునే సమయం వాటిని మార్చడంలో కరిగిపోతుంది. మూడు నాబ్‌ల యాంపుతో సాధన చేసేవారు చేతి బలంతో, గిటారు వాల్యూమ్‌తో ధ్వనిని మార్చడం త్వరగా నేర్చుకుంటారు. డిజిటల్ పరికరం కొన్నవారు రెండు మూడు అమరికలకే పరిమితమై కొన్ని నెలలు వాయిస్తే ఆ మేలును చాలావరకు పొందవచ్చు.

ట్యూబులు ఎక్కడి నుంచి వస్తున్నాయి

ఒకప్పుడు ట్యూబులు ప్రతి ఇంటి వస్తువే. మన పెద్దల తరం విన్న వాల్వు రేడియోల్లో ఉన్నవి ఇవే, బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ వాటిని తయారు చేసేది. రేడియోలు, టీవీలు ట్రాన్సిస్టర్లకు మారడంతో ఆర్‌సీఏ, ముల్లార్డ్ వంటి పెద్ద తయారీదారులు ఒక్కొక్కరే ఆ పని మానేశారు. నేడు గిటారు యాంపులకు కావలసిన ట్యూబుల్లో అత్యధిక భాగం రష్యాలోని సరాటోవ్ కర్మాగారం, స్లొవేకియాలోని జేజే ఎలక్ట్రానిక్, చైనాలోని తయారీదారుల నుంచి వస్తోంది. దుకాణంలో కనిపించే సోవ్‌టెక్, టంగ్-సోల్, ముల్లార్డ్, ఎలక్ట్రో-హార్మోనిక్స్ వంటి వేర్వేరు పేర్లు సరాటోవ్ నుంచే వస్తాయి.

ఇంత సన్నని సరఫరా తీగ 2022లో తెగబోయింది. ఉక్రెయిన్ యుద్ధం మీద విధించిన ఆంక్షలకు ప్రతిగా రష్యా మార్చిలో ఎగుమతులను నిలిపివేసింది. తర్వాత ట్యూబులకు అనుమతి లభించినా, అమెరికాలో వాటి మీద 35 శాతం దిగుమతి సుంకం పడింది. అంతకు కొన్నేళ్ల ముందే చైనాలోని షుగ్వాంగ్ పాత కర్మాగారంలో ఉత్పత్తి ఆగిపోయి ఉండటంతో ఒత్తిడి మరింత పెరిగింది. తయారీ పూర్తిగా ఆగిపోయే సూచనలు లేవు. ధరలు పాత స్థాయికి దిగివచ్చే సూచనలూ లేవు. గిటారువారు, ఖరీదైన స్టీరియో ప్రియులు తప్ప వేరే కొనుగోలుదారులు పెద్దగా లేని వస్తువుకు పోటీ తయారీదారులు పుట్టుకురావడం కష్టం.

ఎంతకాలం పనిచేస్తుంది, ఎవరు బాగుచేస్తారు

పవర్ ట్యూబులు వాడకాన్ని బట్టి ఏడాది నుంచి మూడేళ్లకు మార్చవలసి వస్తుంది, చాలా యాంపుల్లో మార్చిన ప్రతిసారీ బయాస్, అంటే సంకేతం లేనప్పుడు ట్యూబులో పారే కరెంటును నిర్ణయించే అమరిక, సరిచేయాలి. ఒక్క ఈఎల్34 ఫిలమెంటును వేడిగా ఉంచడానికే సుమారు 9.5 వాట్లు ఖర్చవుతుంది. నాలుగు ఉన్న యాంపులో ఒక్క స్వరం రాకముందే దాదాపు 38 వాట్లు వేడిగా పోతాయి. తెలుగు రాష్ట్రాల్లో ట్యూబ్ సర్క్యూటు తెలిసిన మెకానిక్కులు అరుదు. అమెరికా నుంచి బంధువులు తెచ్చే 120 వోల్టుల యాంపును ఇక్కడి 230 వోల్టుల ప్లగ్గులో పెడితే క్షణాల్లో పాడవుతుంది. స్టెప్-డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా, 60 హెర్ట్జ్‌కు మాత్రమే రూపొందించిన యాంపు ట్రాన్స్‌ఫార్మరు మన 50 హెర్ట్జ్ మీద మరికొంత వేడెక్కుతుంది. వెనుక పలకను తెరవడం ఇంకా ప్రమాదకరం, స్విచ్ ఆపి ప్లగ్గు తీసిన తర్వాత కూడా కెపాసిటర్లలో ప్రాణం తీయగల వోల్టేజీ నిలిచి ఉండవచ్చు.

అయినా దీర్ఘకాలం చూస్తే పాత యంత్రానికి గొప్ప అనుకూలత ఉంది. 1960ల నాటి యాంపును నేడు తెరిచినా, అందులోని ప్రతి భాగం ఏమిటో తెలుస్తుంది, ప్రతి భాగానికీ ప్రత్యామ్నాయం దొరుకుతుంది. పదిహేనేళ్ల మోడలరులో ప్రాసెసరు చిప్పో తెరో పోతే, ఆ భాగం తయారీ ఎప్పుడో ఆగిపోయి ఉండవచ్చు. ఫోన్ యాప్ ద్వారానే పూర్తిగా నడిచే పరికరాలు మరీ బలహీనం, యాప్‌ను కంపెనీ వదిలేసిన రోజున సగం సౌకర్యాలు పోతాయి. అందువల్ల డిజిటల్ పరికరాన్ని ఆస్తిగా కాక, కొన్నేళ్ల వాడుకకు పెట్టే ఖర్చుగా లెక్కగట్టాలి. ముఖ్యమైన నాబ్‌లన్నీ పరికరం మీదే ఉన్నవాటిని ఎంచుకోవడం మేలు.

కొనేముందు చూడవలసినవి

ఇంట్లో మాత్రమే వాయించేవారికీ, మిక్సరుకు నేరుగా కలిపి వాయించేవారికీ ట్యూబ్ యాంపు మీద పెట్టే డబ్బుకు తగిన ఫలితం దక్కదు. సొంత సాధన గది ఉన్నవారికి, డ్రమ్ములతో కలిసి బిగ్గరగా వాయించేవారికి, స్పీకరు ఎదుట నిలబడి తీగను ఫీడ్‌బ్యాక్‌తో మోగించుకునే శైలి ఉన్నవారికి అది ఇప్పటికీ సార్థకమే. ఆ ఫీడ్‌బ్యాక్ స్పీకరు నుంచి గాలి ద్వారా తీగకు తిరిగి చేరే శక్తి వల్ల పుడుతుంది. హెడ్‌ఫోన్లలో అది సహజంగా రాదు. ఇప్పటికే ట్యూబ్ యాంపు ఉన్నవారు దానిని అమ్మేయనవసరం లేదు: స్పీకరుకు బదులు దాని నిరోధాన్ని అనుకరించే రియాక్టివ్ లోడ్ బాక్సును కలిపి, ఆపైన ఇంపల్స్ రెస్పాన్స్ వాడితే, అర్ధరాత్రి కూడా అదే యాంపును హెడ్‌ఫోన్లలో వాయించవచ్చు. స్పీకరు గానీ లోడ్ గానీ కలపకుండా ట్యూబ్ యాంపును ఎప్పుడూ నడపకూడదు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయే ప్రమాదం ఉంది. మోడలరు ఉండి, దాని ధ్వని పలచగా ఉందని బాధపడేవారు మరో మోడలరుకు మారేముందు, దానిని మంచి పన్నెండు అంగుళాల గిటారు స్పీకరుకు ఒక చిన్న పవర్ యాంపు ద్వారా కలిపి వినాలి. అప్పటికీ అసంతృప్తి మిగిలితేనే ట్యూబుల వైపు చూడటానికి కారణం ఉంటుంది.